మొబైలు ఫోను - సమష్టి పదసేకరణము

మొబైలు ఫోను చదువునకు శత్రువనియు, దానిని తరగతి గడప దాటనీయరాదనియు పలువురు అధ్యాపకులు తలచుచున్నారు. దాని వలన ఏకాగ్రత చెదరుననుట నిజమే. కాని తెలుగు రాష్ట్రములకు వెలుపల తెలుగు బోధించు మనకు ఆ సాధనము వలన ఒక విశేష ప్రయోజనము కలదు.

మన తరగతులకు శ్రీకాకుళము, కర్నూలు, వరంగల్లు విద్యార్థులే గాక హోసూరు, బళ్లారి, బరంపురము ప్రాంతములవారును వచ్చుట కలదు. ఒకరు వేరుసెనగ యనినదానిని ఇంకొకరు పల్లి యందురు, వేరొకరు బుడ్డ యందురు. పాఠ్యగ్రంథమున కానరాని మాట పలికిన విద్యార్థి, అది తప్పేమో యని శంకించి క్రమముగా దానిని విడిచిపెట్టును. ఆ నష్టము మన కన్నుల యెదుటనే జరుగుచున్నది.

భద్రిరాజు కృష్ణమూర్తిగారి సంపాదకత్వమున ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమి 1962లో వ్యవసాయ పదములను, 1971లో చేనేత పదములను మాండలిక వృత్తిపదకోశ సంపుటములుగా వెలువరించినది. అట్టి కృషిని కొనసాగించుటకు నేడు విద్యార్థి చేతిలోనే సాధనమున్నది. ఇంటికి పోయినప్పుడు తాతగారు నాగలి భాగముల పేర్లు చెప్పుచుండగా ఆ ఉచ్చారణమునే అతడు పదిలపరుపవచ్చును. ఇద్దరు ముగ్గురకు ఒక ఫోను ఉన్నను చాలును.

అయితే వాట్సాప్ బృందమున ఒక పదమును వేసినంతమాత్రమున అది జ్ఞానము కాజాలదు. వక్త అనుమతి ముందుగా పొందవలెను. పదము వెంట ఊరు, వృత్తి, వయస్సు, తేది ఉండవలెను. అన్నిటికంటె ముఖ్యముగా, తోటివారి ఆక్షేపణయు దానితోపాటు నమోదు కావలెను. ‘పొలము’ అను మాట తెలంగాణమున పలుచోట్ల వరి పండు తడి భూమికే చెల్లును. కోస్తాలో సామాన్యముగా సాగుభూమికంతటికిని వాడుదురు. ఈ భేదము ఏ ఒక్క విద్యార్థికిని తనంత తాను తోచదు. “మా వైపు అర్థము వేరు” అని రెండవవాడు అడ్డు తగిలినప్పుడే ఇద్దరికిని తమ మాట యొక్క ఎల్లలు తెలియును. సమష్టి విద్య యన నిదియే.

బృందములోని సందేశములు మరునాటి శుభోదయముల క్రింద మునిగిపోవును. ఫోను మారిన మాయము కావచ్చును. కావున సరిచూచిన పదములను, వక్త పేరు బయటపెట్టక, తెలుగు విక్షనరీలో చేర్చుట మేలు. అచట ఎవరైనను దిద్దవచ్చును. దిద్దుబాట్ల చరిత్రయు నిలిచియుండును.

శిక్షణ లేని విద్యార్థుల సేకరణము ప్రమాణమగునా యని కొందరడుగవచ్చును. సేకరించినదంతయు ప్రమాణము కాదు. దానిని వడపోయుట అధ్యాపకుని బాధ్యత. ఇక మన మార్కుల పద్ధతి ఒంటరిగా వ్రాసినవానినే మెచ్చుచున్నది. పదము తెచ్చినవానితో సమానముగా, దానిని సహేతుకముగా దిద్దినవానికిని మార్కులీయవలెను. ప్రతి తెలుగు శాఖయు ఏటేట ఒక్కొక్క వృత్తిని గ్రహించి ఈ పనికి పూనుకొనుట యుక్తము. ఆ మాటలు తెలిసిన పెద్దలు ఉండగనే ఇది జరుగవలసియున్నది.