సూది లేని పరీక్ష మన్యానికీ దక్కాలి

భద్రాచలం మన్యంలో వానలు మొదలయ్యాయంటే జ్వరాల కాలం వచ్చినట్లే. చర్ల, దుమ్ముగూడెం మండలాల లోపలి గూడేల నుంచి జ్వరపీడితులను జెట్టీ కట్టి, వాగులు దాటించి రోడ్డుకు చేర్చవలసిన దుస్థితి నేటికీ పూర్తిగా తొలగలేదు. వచ్చినది మలేరియాయో కాదో తేల్చాలంటే వేలికొన పొడిచి నెత్తురు చుక్క తీయవలసిందే. నిమిషాల్లో ఫలితం చెప్పే కిట్లు వచ్చాక కొంత మేలు జరిగిన మాట వాస్తవమే. అయితే చిక్కు జ్వరం ఉన్నవారితో కాదు, లేనివారితో. ఒంట్లో క్రిమి ఉండి పైకి కనబడనివారు పొడిపించుకోవడానికి ముందుకు రారు. దోమలు వారి నుంచే వ్యాధిని ఇంకొకరికి మోస్తాయి.

ఈ స్థితిలో చర్మంపై ఊరే నూనెను, ఒంటి వాసనను బట్టి వ్యాధిని పసిగట్టే పరిశోధనలు ఆసక్తి కలిగిస్తున్నాయి. వీటికి దారి చూపినది స్కాట్లాండుకు చెందిన జాయ్ మిల్న్ అనే నర్సు. భర్తకు పార్కిన్సన్ వ్యాధి బయటపడటానికి పదేళ్లకు పైగా ముందే ఆయన ఒంటి వాసన మారినట్లు ఆమె గుర్తించింది. ఎడిన్‌బరో శాస్త్రజ్ఞులు ఆరుగురు రోగులు, ఆరుగురు ఆరోగ్యవంతులు తొడిగిన బనియన్లు ఇచ్చి ఆమెను పరీక్షించారు. రోగులందరినీ సరిగా చెప్పింది. ఆరోగ్యవంతుల్లో ఒకరిని కూడా రోగి అన్నది. కొన్ని నెలలకు ఆయనకూ ఆ వ్యాధి ఉన్నట్లు తేలింది! ఒంటివాసన పట్టి పసిపిల్లల నలత చెప్పే ముసలమ్మలు మన పల్లెల్లోనూ లేకపోలేదు. వారిని ఎవరూ ప్రయోగశాలకు పిలవలేదు, అంతే.

రహస్యం వీపు పైభాగాన, నుదుట ఎక్కువగా ఊరే నూనెలో ఉంది. శరీరంలోని రసాయనిక మార్పులు కొంతవరకు ఆ నూనెలోకీ దిగుతాయి. దూదితో తుడిచి కాగితంపై అద్ది, అణువుల బరువు తూచే మాస్ స్పెక్ట్రోమీటర్ యంత్రానికిస్తే మూడు నిమిషాల్లో తేడా తెలుస్తున్నదని 2022లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయం వారు ప్రకటించారు. నమూనాకు మంచుపెట్టె అక్కరలేదు, తపాలాలో పంపవచ్చు. కరెంటు నిలకడ లేని గూడేలకు ఇది చిన్న విషయం కాదు. మలేరియా విషయంలోనూ అడుగు పడింది. జ్వర లక్షణాలు లేని పిల్లల్లో సైతం చర్మపు వాసనలో తేడా ఉన్నట్లు కెన్యాలో జరిపిన పరిశోధన 2018లో తెలిపింది. గాంబియా పిల్లలు రాత్రి తొడిగిన మేజోళ్లను వాసన చూసి, శిక్షణ పొందిన కుక్కలు వ్యాధి సోకినవారిలో నూటికి 70 మందిని గుర్తించాయి.

ఇవన్నీ ఇంకా పరిశోధన దశలోనివే. చర్మం అన్నీ చెప్పదు కూడా. మన్యాన్ని పీడించే సికిల్ సెల్ రక్తహీనత నిర్ధారణకు నెత్తురే కావాలి. కనుక ఒంటి జిడ్డు చూసి సర్వరోగాలూ చెబుతామంటూ ఎవరైనా సంతలో బల్ల వేస్తే నమ్మరాదు.

అసలు సంగతి వేరే ఉంది. మాంచెస్టర్‌లో వేసిన లెక్క మన్యం ఒంటికి సరిపోతుందా? ఇక్కడ ఇప్పనూనె రాసుకుంటారు, పసుపు పూసుకుంటారు, కట్టెల పొయ్యి పొగలో మసలుతారు, ఎండలో తునికాకు కోస్తారు. యంత్రం వీటిని రోగమని పొరబడవచ్చు, రోగాన్ని వీటి చాటున వదిలేయనూవచ్చు. అందుచేత కోయగూడేల నమూనాలు పరిశోధన ఆరంభంలోనే చేరాలి. తగిన యంత్రాలు హైదరాబాదులోని భారత రసాయన సాంకేతిక సంస్థలో ఉన్నాయి. గూడేలకు దారి తెలిసిన సమగ్ర గిరిజనాభివృద్ధి సంస్థ భద్రాచలంలోనే ఉంది. ఈ రెండింటినీ కలిపే చొరవ ప్రభుత్వానిదే.

సికిందరాబాదులో 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు. ఆ దోమలకు ఒళ్లప్పగించిన హుసేన్ ఖాన్ అనే రోగికి దక్కింది దోమకు ఒక అణా; రాస్‌కు 1902లో నోబెల్ బహుమానం వచ్చింది. ఈసారి నమూనా ఇచ్చే మనిషికి అది ఎందుకో కోయభాషలో ముందే చెప్పాలి, ఇష్టం లేదంటే వదిలేయాలి, ఫలితాన్ని తిరిగి ఆ గూడేనికే చేర్చాలి. ఈ పరీక్ష వచ్చేదాకా మలేరియా కిట్లు, మందులు వానలకు ముందే లోపలి ఉపకేంద్రాలకు చేరాలి. వాగులు పొంగాక పంపితే అవి రోడ్డుపక్క గదుల్లోనే ఉండిపోతాయి.