చుక్కలు కలిపినంతనే హద్దు కాదు

పూర్వము భూమిని గొలుసుతో కొలిచెడివారు. గుంటర్ గొలుసు పొడవు 66 అడుగులు. దానికి 100 లింకులు. వేయి చదరపు లింకులు ఒక సెంటు. గొలుసు పట్టినవాడు గట్టు వెంట నడువక తప్పదు. కాబట్టి పాత ఎఫ్.ఎం.బి. పటములోని ప్రతి గీత వెనుక ఒక నడక కలదు.

2020 డిసెంబరు 21న కృష్ణా జిల్లా తక్కెళ్లపాడులో రాష్ట్ర భూముల రీసర్వే ప్రారంభమైనది. డ్రోనులు, ఉపగ్రహ సంకేతములను అందుకొను రోవరులు వచ్చినవి. రోవరు ఒక్కొక్క మూల స్థానమును ఒక బిందువుగా వ్రాసికొనును. ఆ బిందువులను కలిపి కంప్యూటరు పొలము హద్దు గీయును. బిందువులు సరిగా ఉన్నచో హద్దు కూడ సరిగానే ఉండునని చాలమంది నమ్ముచున్నారు. ఈ నమ్మకము చాలదని నా అభిప్రాయము.

మొదటిది వరుస. నాలుగు మూలలను 1, 2, 3, 4గా చుట్టి రావలెను. 1, 3, 2, 4గా కలిపినచో గీతలు ఒకదానినొకటి దాటి, విస్తీర్ణము తప్పుగా వచ్చును. బిందువులన్నిటి చుట్టు త్రాడు బిగించినట్లు హద్దు గీయు పద్ధతియు కలదు. అది గట్టులోని వంపును మ్రింగివేయును. ప్రక్కవాని బావి మన పొలములో కనబడును.

రెండవది ఉమ్మడి గట్టు. ఒకే హద్దురాయిని రెండుసార్లు కొలిచినచో నాలుగైదు అంగుళముల భేదము రావచ్చును. రెండు పొలములను విడివిడిగా గీసినచో నడుమ సన్నని చీలిక మిగులును, లేదా ఒకటి మరొక దానిపైకి ఎక్కును. పటమును దూరము నుండి చూచినచో ఇది కనబడదు. ఒక రాయికి ఒకే బిందువు ఉండవలెను. ఆ బిందువునే రెండు పొలములకు వాడవలెను.

మూడవది పరికరము. చేతిలోని ఫోను కొన్ని మీటర్లు తప్పవచ్చును. చదరముగా ఉన్న ఎకరము పొలము ఒక్కొక్క వైపు సుమారు 63.6 మీటర్లు. అందులో ఒక గట్టు 3 మీటర్లు జరిగినచో నాలుగున్నర సెంట్లకు పైగా తేడా వచ్చును. శాంతిపురము వంటి మండలములలో అరెకరము మల్బరితో కుటుంబము నెట్టుకొను రైతుకు ఇది చిన్న నష్టము కాదు. రోవరు కొలత సెంటీమీటర్లలో ఉండును. కాని గట్టుమీది చింతచెట్టు నీడలో దాని సంకేతము కూడ చెదరును. అట్టిచోట ఆరుబయలునుండి కొలిచి, మిగిలిన దూరమును టేపుతో పూర్తిచేయుట మేలు. మరియు కుప్పము, పుంగనూరు, మదనపల్లె ప్రాంతములు 78 డిగ్రీల రేఖాంశమునకు తూర్పున ఉన్నవి. కాబట్టి యు.టి.ఎం. 44వ మండలమునే ఎంచుకొనవలెను, 43 కాదు.

పంట నమోదులోను ఇదే సూత్రము. పొలములో తీసిన ఒక ఛాయాచిత్రపు బిందువు సిబ్బంది ఎక్కడ నిలిచినదియు చెప్పును. టొమాటో ఎంత, రాగి ఎంత అన్నది చెప్పదు. నష్టపరిహారము విస్తీర్ణమును బట్టి వచ్చును గనుక, విడివిడి పంటల హద్దులను చుట్టి నడచియే నమోదు చేయవలెను.

గ్రామాధికారులకు నా మనవి: పటమును ఖాయము చేయుటకు ముందు మూడు పనులు చేయుడు. పొలముల విస్తీర్ణములను, దారులను, వాగులను కలిపి, మొత్తము గ్రామ విస్తీర్ణముతో సరిపోల్చుడు. చీలికలను, అతుకులను వెదకుడు. ఇరుగు పొరుగు రైతులను గట్టుమీదికి పిలిచి పటము చూపుడు. పలువురి భూములను ఒకే ఎల్.పి.ఎం. క్రింద చేర్చినచో అప్పునకు, రిజిస్ట్రేషనుకు రైతులే తిరుగవలసి వచ్చును. గ్రామమునకు రెండు మూడు దినములు ఎక్కువ పట్టినను, సంవత్సరముల వ్యాజ్యము తప్పును.

రైతు సోదరులారా! కొలత నోటీసు అందిన దినమున మీరు పొలములో ఉండుడు. హద్దురాళ్ల చుట్టునున్న ముళ్లకంపలను ముందుగానే తొలగించుడు. కంప్యూటరు చుక్కలను కలుపును. ఏ చుక్క తరువాత ఏది వచ్చునో మీ గట్టు ఎరిగిన మీరే చెప్పవలెను.