కడుపునొప్పికి హిప్నాటిజమా అని నవ్వకండి

నాట్లు అయిపోయి కాస్త తీరిక దొరికింది. ఈసారి పంట సంగతి పక్కనపెట్టి కడుపు సంగతి రాస్తున్నాను. పొడుగు ఎక్కువే, ఓపిగ్గా చదవండి.

ఏ ఊళ్లో రచ్చబండ దగ్గర కూర్చున్నా "కడుపు బాగోలేదురా" అనే మనిషి ఒకడు ఉంటాడు. పొద్దున్నే మూడు నాలుగుసార్లు బయటికి వెళ్లాలి. వెళ్లొచ్చినా ఇంకా మిగిలిపోయినట్టే ఉంటుంది. కొందరికి ఇదే రివర్సులో నాలుగేసి రోజులు బిగదీసుకుపోతుంది. ఉబ్బరం, మెలిపెట్టే నొప్పి. మనం దానికి గ్యాస్ అని పేరు పెట్టి మెడికల్ షాపులో బిళ్లలు కొనుక్కుంటాం. అప్పు చేసి స్కానింగు, కెమెరా పరీక్ష చేయిస్తే అన్నీ నార్మల్ అని వస్తుంది. నొప్పి చూస్తే ఉంది, జబ్బు లేదంటారు. ఇక ఇంట్లోవాళ్లకి కూడా అనుమానం, పని తప్పించుకోడానికి నాటకమాడుతున్నాడేమో అని.

అక్కడ మొదలవుతుంది మన ప్రాంతం వైద్యం. "ఎవరో మందు పెట్టారు" అంటారు. మందు కక్కిస్తానని ఒకడు పసరు తాగించి, వాంతి చేయించి, అందులోంచి ఏదో ఉండ తీసి చూపించి డబ్బులు పట్టుకుపోతాడు. ఇంకొందరు చిల్లంగి అని పక్కింటి ముసలమ్మ మీద అనుమానం పెట్టుకుంటారు. ఉత్తరాంధ్రలో ఆ మాట ఎంత దూరం వెళ్తుందో, ఎంత ఘోరానికి దారితీస్తుందో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను అనేది ఇది. ఆ జబ్బు నిజమైనదే, దానికి పేరుంది. దానికి పనిచేసే వైద్యాల్లో హిప్నోథెరపీ ఒకటి. అది మనలాంటివాళ్లకి సర్కారు ఆసుపత్రిలో, పదిమందికి కలిపి, డబ్బు లేకుండా దొరకాలి.

జబ్బు పేరు ఐబీఎస్, ఇరిటబుల్ బవల్ సిండ్రోమ్. పేగులో పుండు ఉండదు, గడ్డ ఉండదు, అందుకే కెమెరాకి ఏమీ కనపడదు. తేడా అంతా పేగు కదిలే తీరులో, పేగుకీ మెదడుకీ మధ్య నడిచే కబుర్లలో ఉంటుంది. పేగు గోడల్లోనే కోట్ల కొద్దీ నరాల కణాలు ఉంటాయి. పరీక్ష రోజున పిల్లలకి కడుపు తిప్పడం, బ్యాంకు నోటీసు చూడగానే మనకి కడుపులో దేవినట్టు అవడం ఆ దారినే. ఐబీఎస్ ఉన్నవాడికి ఆ కబుర్లు మరీ గట్టిగా వినపడతాయి. మామూలుగా గాలి కదిలినా నొప్పిగా తోస్తుంది. నొప్పి వల్ల భయం, భయం వల్ల మళ్లీ నొప్పి. డాక్టర్లు దీన్ని గుర్తుపట్టడానికి ఒక కొలత పెట్టుకున్నారు. నొప్పి మొదలై ఆర్నెల్లు దాటి ఉండాలి. గత మూడు నెలల్లో వారానికి కనీసం ఒక రోజు రావాలి. దానికీ విరేచనానికీ సంబంధం ఉండాలి.

మా బావమరిది సంగతి చెప్తాను. చెప్పమని వాడే అన్నాడు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు వాడి జీడితోట సగం పడిపోయింది. ఆ అప్పు తీరకముందే ఈ కడుపు మొదలైంది. కూరగాయలు పట్టుకుని తగరపువలసలో 222 బస్సెక్కి రైతుబజారుకి వెళ్లేవాడు. బస్సు కదిలిందంటే వాడికి ఒకటే దిగులు, దార్లో వస్తే ఎక్కడికి పోవాలి? ముందురోజు రాత్రి అన్నం మానేసేవాడు. తర్వాత బస్సే మానేశాడు. తోట దగ్గరికొచ్చిన దళారికి అడిగిన రేటుకి ఇచ్చేసేవాడు. ఐబీఎస్ ప్రాణం తీసే జబ్బు కాదంటారు, నిజమే. కానీ మనిషి సంపాదన ఎలా తినేస్తుందో నేను కళ్లారా చూశాను.

చివరికి ఒక డాక్టరు గారు పరీక్షలన్నీ చూసి, ఇంక కెమెరాలు వద్దు, ఒక సైకాలజిస్టు దగ్గరికి వెళ్లు అని పంపారు. అక్కడ హిప్నోథెరపీ అన్న మాట వినగానే వాడు బయటికొచ్చి నాకు ఫోన్ చేశాడు. "బావా, నన్ను పిచ్చోణ్ణి అంటున్నారు, వశీకరణం చేస్తారంట" అని.

వాణ్ణి అని ఏం లాభం? మనకి హిప్నాటిజం స్టేజీ మీద నుంచే తెలుసు. మనిషిని పడుకోబెట్టి ఉల్లిపాయ ఇచ్చి యాపిల్ అని తినిపించడం, అందరూ నవ్వడం. తెలుగునాట ఆ పేరు ఊరూరా తెలిసింది బి.వి. పట్టాభిరామ్ గారి వల్ల. ఆయన మెజీషియనే, కానీ ఇందులో మంత్రం లేదు, మనసు పనిచేసే తీరు ఇది అని జీవితమంతా చెప్పుకొచ్చారు. 2025లో పోయారు. ఆయన చేసిన మేజిక్ గుర్తుంది, చెప్పిన ఆ మాట మనకి గుర్తులేదు. ఇంకా వెనక్కి వెళ్తే, 1845లో బెంగాల్లోని హుగ్లీలో జేమ్స్ ఎస్డేల్ అనే కంపెనీ డాక్టరు, మత్తుమందు ఇంకా రాని రోజుల్లో, మనుషుల్ని ఇలాంటి మగతలోకి పంపి పెద్దపెద్ద ఆపరేషన్లు చేశాడు. అంటే మన దేశానికి ఇది కొత్త కాదు.

లోపల జరిగేది చాలా మామూలుగా ఉంటుంది. కుర్చీలో కూర్చోబెడతారు, లేదా పడుకోబెడతారు. ఊపిరి నెమ్మది చేయిస్తారు. పాదాల నుంచి తలదాకా ఒళ్లు వదులు చేయిస్తారు. మనిషి నిద్రపోడు, మాట వినపడుతూనే ఉంటుంది, లేచిపోవాలంటే లేచిపోవచ్చు. అలా మనసు ఒకచోట నిలిచాక పొట్ట మీద చెయ్యి పెట్టించి, ఆ వెచ్చదనం లోపలికి దిగుతోందని చెప్తారు. తర్వాత పేగు గురించి ఒక బొమ్మ మనసులో కట్టిస్తారు. మావాడికి నది అని చెప్పారట. వాడు దాన్ని తన పొలం బోదె చేసుకున్నాడు. నీళ్లు గట్టు తెంచుకుని పోతున్నాయి, నేను మడవ కాస్త మూసి సన్నగా వదులుతున్నాను అని. బిగదీసుకుపోయేవాళ్లు బోదెలో అడ్డం తీసి నీళ్లు వదిలినట్టు అనుకోవాలి. వినడానికి నవ్వొస్తుంది కదా? నేనూ నవ్వాను. దాదాపు మూడు నెలలు వారానికోసారి వెళ్లాడు, ఇంటి దగ్గర రోజూ పావుగంట ఫోన్లో రికార్డింగు పెట్టుకుని చేశాడు. జబ్బు మాయమైందని చెప్పను. ఇప్పటికీ అప్పుడప్పుడు వస్తుంది. కానీ బస్సెక్కుతున్నాడు, రాత్రి అన్నం తింటున్నాడు.

ఒక్క మనిషి మాట మీద నమ్మమని నేను చెప్పను. కొత్త విత్తనం వస్తే మనం ఏం చేస్తాం? పక్కన పాత విత్తనం మడి కూడా వేసి పోల్చి చూస్తాం. ఇంగ్లండులో మాంచెస్టర్ దగ్గర పీటర్ వోర్‌వెల్ అనే డాక్టరు 1984లో అదే చేశాడు. ఏ మందుకీ లొంగని 30 మందిని తీసుకుని, కొందరికి హిప్నోథెరపీ, మిగతావాళ్లకి మాటల వైద్యంతో పాటు మందు లేని ఉత్తి బిళ్ల ఇచ్చాడు. హిప్నోథెరపీ వాళ్లు చాలా బాగుపడ్డారు, రెండోవాళ్లకి తగ్గింది కొంచెమే. తర్వాత అదే మాంచెస్టర్‌లో వెయ్యి మంది లెక్క తీసి 2015లో అచ్చువేశారు, 76 శాతం మందికి గుణం కనిపించింది. అయితే ఈ రెండో లెక్కకి పోలిక మడి లేదు, కాబట్టి దాన్ని కాస్త తగ్గించుకునే చదవాలి.

నాకు అన్నిటికన్నా ముఖ్యంగా అనిపించింది నెదర్లాండ్స్ లెక్క. 2018లో వచ్చింది, 354 మంది. కొందరికి ఒక్కొక్కరికీ విడిగా చేశారు, కొందరికి గుంపుగా కూర్చోబెట్టి చేశారు, కొందరికి సలహాలు, ధైర్యం చెప్పి ఊరుకున్నారు. ఏడాది తర్వాత చూస్తే గుంపుగా చేసినవాళ్లలో దాదాపు సగం మందికి సుఖంగా ఉంది. సలహాలతో సరిపెట్టినవాళ్లలో పావువంతు కూడా లేరు. గుంపు వైద్యం విడి వైద్యానికి తీసిపోలేదు. మనకి కావాల్సింది ఇదే కదా! ఒక గది, పది చాపలు, తర్ఫీదు ఉన్న ఒక మనిషి. దీనికి కోట్ల మిషను అక్కర్లేదు, కరెంటు కూడా అక్కర్లేదు.

విశాఖలో ఏం తక్కువ చెప్పండి. కేజీహెచ్ 1923 నుంచి ఉంది. మానసిక వైద్యశాల ఉంది. ఆంధ్రా యూనివర్సిటీలో కోనేరు రామకృష్ణారావు గారు 1960లలోనే మనసు మీద పరిశోధనకి విభాగం పెట్టించారు, దేశదేశాల్లో పేరుంది. అంత చదువు సముద్రం ఒడ్డున ఉంటే, పాతిక ముప్ఫై కిలోమీటర్ల దూరంలో మనం మందు కక్కించేవాడి దగ్గర క్యూ కడుతున్నాం. ఇది మన అజ్ఞానం ఒక్కటే అనుకోవద్దు. చదువుకున్నవాళ్లు ఊళ్లోకి రాకపోతే కక్కించేవాడే వస్తాడు.

ఇంకో పక్క జాగ్రత్త కూడా చెప్పాలి. ఫోన్లో "ఒక్క సిట్టింగులో గ్యారంటీ" అని ప్రకటనలు వస్తున్నాయి. ఒక్క తడికి పంట పండుతుందా? గ్యారంటీ అన్నవాడి దగ్గర డబ్బు కట్టకండి. డిగ్రీ ఏంటి, ఎక్కడ నేర్చుకున్నారు అని మొహమాటం లేకుండా అడగండి. భ్రమలు, లేని మాటలు వినపడటం లాంటి మానసిక జబ్బు ఉన్నవాళ్లు సైకియాట్రిస్టు చెప్పకుండా దీని జోలికి వెళ్లకూడదు.

అన్నిటికన్నా ముందు కడుపు డాక్టరు. విరేచనంలో రక్తం, కారణం లేకుండా బరువు తగ్గడం, జ్వరం, రక్తహీనత, రాత్రి నిద్రలోంచి లేపేసే విరేచనాలు, ఇంట్లో ఎవరికైనా పేగు క్యాన్సర్ ఉండటం, వీటిలో ఏది ఉన్నా పరీక్ష తప్పదు. యాభై దాటాక కొత్తగా మొదలైతే కూడా అంతే. ఈ పేజీ చదివేవాళ్లలో సగం మంది నా ఈడువాళ్లు, అందుకే నొక్కి చెప్తున్నాను. ఇక దిగులు మరీ ఎక్కువై నిద్ర పట్టకపోతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్ అంటారు, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు.

వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నాను. వారానికి ఒక రోజు కేజీహెచ్‌లో గుంపు హిప్నోథెరపీ పెట్టాలని, తగరపువలస, ఆనందపురం, పద్మనాభం వైపు ఆసుపత్రుల నుంచి అక్కడికి చీటీ రాసి పంపే ఏర్పాటు ఉండాలని. కలెక్టరేట్ నుంచి కేజీహెచ్ దగ్గరే కాబట్టి, అదే రోజు ఆసుపత్రిలో పెద్దలకి కూడా ఒక కాపీ ఇస్తాం. వచ్చేవాళ్లు ఉదయం ఎనిమిదికి తగరపువలస బస్టాండు దగ్గర ఉండండి. మా బావమరిది కూడా వస్తున్నాడు. అర్జీ ఒక పేజీయే, కింద సంతకాలకి ఖాళీ వదిలాను. పేరు రాయడానికి సిగ్గుపడేవాళ్లు ఊరి పేరు రాసి వేలిముద్ర వేసినా చాలు.