వినికిడి తగ్గినవారికి ఇయర్‌ఫోనులు



గడచిన కార్తిక మాసమున మా యింట జరిగిన సంగతి యొకటి చెప్పెదము. మా అత్తగారికి డెబ్బదియొక యేండ్లు. కొంతకాలముగా వినికిడి తగ్గినది. ప్రతిదినము సాయంకాలము సెల్‌ఫోనులో భాగవత ప్రవచనము వినుట యామె నియమము. ఫోను బిగ్గరగా మ్రోగుటచే పిల్లలకు చదువు సాగుట లేదని, పట్నమున నున్న మా మరిది చెవిలో దూర్చుకొను ఇయర్‌ఫోనులు కొని తెచ్చెను. వెల యెక్కువ, చూచుటకు ముత్యములవలె నుండెను. నాలుగు దినములకే ఆమె వానిని వత్తుల డబ్బాలో పెట్టి, "నాకిప్పుడు వినాలని లేదే, అమ్మాయీ" యనెను. వార్ధక్యమున గలుగు వైరాగ్యమని మే మనుకొంటిమి. ఎంత తెలివితక్కువ!

ఒకనాడు తల దువ్వుచుండగా ఆమె చెవి పుండుపడి యుండుట కంటబడినది. గట్టిగా నడుగగా చెప్పినది: "అరుపు వినిపిస్తుంది గాని మాట తెలియదే. ఇంకా పెంచితే చెవి పగిలిపోతుంది. వాడు అంత డబ్బు పోసి తెచ్చాడు, ఏమని చెప్పను?"

వైద్యునికి చూపితిమి. ఆయన మొదట గట్టిపడిన గులిమిని తీసివేసెను. ఇయర్‌ఫోను దానిని మరింత లోనికి నెట్టినదట. పుండు మానిన పిమ్మట వినికిడి పరీక్ష చేయించెను. వయస్సుతో వచ్చు చెవుడు లోచెవికి సంబంధించినది. అందు సన్నని, హెచ్చు స్థాయి ధ్వనులు ముందుగా పోవును. అచ్చులు వినబడును, హల్లులు జారిపోవును. 'పాప' యన్నను 'తాత' యన్నను ఒక్కటిగనే తోచును. ధ్వని పెంచినచో అచ్చులు గర్జించునే గాని హల్లులు తేటపడవు. ఇట్టివారికి పెద్ద ధ్వని త్వరలోనే బాధాకరము కూడ నగును. కావున మొదట కావలసినది తగిన వినికిడి యంత్రము, ఇయర్‌ఫోను తరువాతిది.

యంత్రము చెవి వెనుక పెట్టుకొనువారు చెవి నంతయు కప్పు, లోతుగల గిన్నెల హెడ్‌ఫోనును తీసికొనవలెను. యంత్రపు మైకు చెవిపైన నుండును గదా. గిన్నె దానికి మిక్కిలి దగ్గరగా నొత్తుకొన్నచో ఈల వేయును. తోలువంటి పూత మన వేసవిలో చెమట పట్టించును, గుడ్డపూత మేలు. కొట్టులో యంత్రముతోనే పెట్టుకొని, అరగంటసే పచ్చటనే కూర్చుండి చూడవలెను. చీర నెన్నుకొనుటకు జాములు గడుపు మనకు ఇది కష్టము కాదు. కొన్ని యంత్రములకు ఫోను మాట నేరుగా బ్లూటూత్ ద్వారా వచ్చును. వారికి హెడ్‌ఫోనుతో పనియే లేదు.

చెవిముందరి యెముకమీద నానించుకొను రకమును అందరికిని పనికివచ్చునని మాకు నొకరు అమ్మజూచిరి. కర్ణభేరికి చిల్లుపడి లోచెవి బాగున్నవారికి, చీము కారువారికి అది యుపకారియే. లోచెవియే చెడిన మా అత్తగారివంటి వారికి దానివలన విశేషము లేదు. ఒక చెవియే వినబడువారు ఫోనులో 'మోనో' యను ఏర్పాటు పెట్టుకొన్నచో రెండుప్రక్కల ధ్వనియు నా చెవికే వచ్చును. దీనికి కాసు ఖర్చు లేదు.

పెద్దలకు వారమునకు 40 గంటలు, 80 డెసిబెల్‌లు మేరయని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ప్రతి 3 డెసిబెల్‌లకు కాలము సగమగును. 90 అయినచో వారమునకు 4 గంటలే. మరియొక మాట: ఒకటి రెండు దినములలో హఠాత్తుగా వినికిడి పోయినచో బజారునకు గాక నాడే వైద్యునికడకు పోవలెను.

అత్తగారికి యంత్రమును, గుడ్డపూత హెడ్‌ఫోనును అమరినవి. నిన్న ప్రవచనము ముగించి హెడ్‌ఫోను తీసి, వంటింటివైపు తిరిగి, "ఏమిటే, పప్పులో ఉప్పు నేనే వేశానంటున్నారు?" అనెను.