తెల్లవారడానికీ తొలి గంటకూ నడుమ

ప్రబంధానికి లాక్షణికులు చెప్పిన అష్టాదశ వర్ణనలలో సూర్యోదయ వర్ణన ఒకటి. దానిని మొదటి పీరియడులో బోధించవలసి వచ్చిన అధ్యాపకుని అవస్థ చెప్పనలవి కాదు. ఎదుట కూర్చున్నవారిలో సగం మంది ఆవులిస్తూ ఉంటారు. తక్కినవారు ఇంటివద్ద ఏదో మరచి వచ్చినట్లు సంచులు వెదుకుకుంటూ ఉంటారు. ఇది విద్యార్థుల నిర్లక్ష్యమేనని కొందరు సహాధ్యాపకుల అభిప్రాయం. నేను దానితో ఏకీభవించలేను. మన ఉదయాలు తొందరకు చిక్కుకొన్నాయి. అందుకు విద్యార్థి ఎంత కారకుడో, అతని ఇల్లూ, అతడు చదివే కళాశాలా కూడా అంతే కారణం.

నిజానికి ఉదయపు తొందర ఉదయాన పుట్టదు. అది ముందునాటి రాత్రి పుడుతుంది. ఈ సంగతి మన పూర్వులకు బాగా తెలుసుననడానికి మన కళాశాలలోని రెండు భాషలూ సాక్ష్యమిస్తాయి. పాత బస్తీలో తెల్లవారుజామున తినే నహారీ రాత్రంతా సన్నని సెగ మీద ఉడుకుతుంది. పగలు అనే అర్థం గల అరబ్బీ పదం ‘నహార్’ నుండి ఆ పేరు వచ్చిందంటారు. పేరు పగటిది, పని రాత్రిది. తెలుగు రైతు తినే చద్దన్నమూ అంతే. రాత్రి మిగిలిన అన్నంలో మజ్జిగో, గంజో పోసి మూత పెడితే, పొద్దున పొయ్యి వెలిగించే పనే ఉండదు. ‘పెద్దల మాట చద్ది మూట’ అన్న సామెతను మనం వినయానికి మాత్రమే ఉదాహరిస్తాము. ఆ మూట రాత్రే సిద్ధమైందన్న మాట ఎవరికీ తట్టదు. నేడు మన విద్యార్థులలో చాలామంది పరగడుపున బస్సెక్కుతున్నారు. ఉర్దూ విభాగం వారు దీనినే ‘నిహార్ ముహ్’ అంటారు. రెండు భాషలలోనూ ఆకలి ఒకటే.

రంజాన్ మాసాన్ని గమనించండి. సహరీ కోసం ఇంటిల్లిపాదీ నాలుగు గంటల ప్రాంతంలో లేస్తారు. అయినా ఆ వేళ ఇంట్లో అరుపులుండవు, చెప్పు దొరకలేదన్న గొడవ ఉండదు. మిగిలిన పదకొండు నెలలు అదే ఇంట్లో ఏడు గంటలకు లేచి, ఎనిమిదింటికి యుద్ధం చేస్తారు! కారణమేమి? సహరీకి ఏమి వండాలో రాత్రే నిర్ణయమవుతుంది. ముగించవలసిన క్షణం అందరికీ తెలుసు, అది ఎవరి కోసమూ ఆగదు. అన్నిటికంటే ముఖ్యంగా, ఆ అరగంటలో చేయవలసిన పనులు రెండు మూడుకు మించవు. ప్రశాంతత లేచే గంటలో లేదు, ఆ గంటకు చేసుకొన్న ఏర్పాటులో ఉంది.

అయితే ఇక్కడ ఒక మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. సహరీ వేళ మనం మూడున్నరకో నాలుగింటికో లేస్తే, అమ్మ అంతకు ముందే లేచి ఉంటుంది. ఏడాది పొడుగునా సంగతీ ఇదే. ఒకరి ప్రశాంతమైన ఉదయం వెనుక మరొకరి పరుగు ఉంటుంది. మన విద్యార్థినులలో నీళ్లు పట్టి, చీపురు పట్టి, తమ్ముళ్లను బడికి తయారు చేసి, ఆ తరువాతనే కళాశాలకు బయలుదేరేవారు ఎందరో ఉన్నారు. వారికి ‘ఉదయాన్నే లేచి కాసేపు నిశ్శబ్దంగా కూర్చోండి’ అని ఉపదేశించడం హాస్యాస్పదం. విద్యార్థులారా, మీ చొక్కా ఇస్త్రీ, మీ నీళ్ల సీసా, మీ పక్క బట్టల మడత మీరే చూసుకొంటే, ఆ ఇంట్లో మరొకరికి పది నిమిషాలు మిగులుతాయి.

ఇక నిద్ర మాట. దేహంలోని ప్రతి కణానికీ రేయింబవళ్ల లెక్క తెలిపే జీవగడియారం ఉందనీ, దాని యంత్రాంగం ఇదీ అనీ వివరించినందుకు 2017లో ముగ్గురు అమెరికా శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమానం లభించింది. యౌవనారంభంలో ఈ గడియారం కొంత వెనుకకు జరుగుతుంది. పదహారేళ్ల వయసువానికి రాత్రి పెందలాడే నిద్ర రాకపోవడం కేవలం మొండితనం కాదు. పద్దెనిమిదేళ్లు దాటినవారికి ఏడు నుండి తొమ్మిది గంటల నిద్ర అవసరమని నిపుణులు చెబుతున్నారు. ఒంటిగంటకు పడుకొని ఐదున్నరకు లేచేవానికి దక్కేది నాలుగున్నర గంటలు. మిగిలిన బాకీని అతడు నా పీరియడులో తీర్చుకొంటున్నాడు.

మన పెద్దలు కోడి కూతతో లేవలేదా అని పాలకవర్గ సభ్యులు కొందరు అడుగుతారు. లేచారు, కానీ దీపాలార్పి త్వరగా పడుకొన్నారు కూడా. ఇషా నమాజు తరువాత వృథా సంభాషణలు వద్దన్న హదీసు ఉంది. ఫజ్ర్‌కు లేవడం అక్కడి నుండే మొదలవుతుంది. నేటి వృథా సంభాషణ అరచేతిలో వెలుగుతూ ఉంటుంది. అలారం కోసమని ఆ ఫోనును దిండు పక్కన పెట్టుకొంటాము. అలారం ఆపబోయిన వేలు అక్కడితో ఆగదు, రాత్రి వచ్చిన సందేశాలన్నీ తెరుస్తుంది. కళ్లు సరిగా తెరవకముందే ఊరందరి కబుర్లూ నెత్తిన పడతాయి. బజారులో చవకగా దొరికే బల్లమీది అలారం గడియారం కొనుక్కొని, ఫోనును వేరే గదిలో ఉంచడం ఇందుకు నేనెరిగిన ఏకైక మందు. ఉపన్యాసాలవల్ల ఈ జబ్బు నయం కాదు.

లేచిన తరువాత చేయవలసినవి చాలా ఉన్నాయని నేననను. ముఖం కడిగి, ప్రార్థన ఉన్నవారు ప్రార్థన ముగించి, ఆరుబయట వెలుతురులో కాసేపు నడవాలి. జీవగడియారాన్ని సరిదిద్దేది ఆ వెలుతురే. ఆపై ఒక పేజీ పైకి చదవండి. తెలుగుదైనా సరే, ఉర్దూదైనా సరే. మనసులో చదివితే కునుకు వస్తుంది, గొంతెత్తితే రాదు. పిమ్మట ఏదైనా తిని బయలుదేరండి. చద్దన్నం తినడం నామోషీ కాదు.

ఇంతవరకు విద్యార్థులకు. ఇప్పుడు పాలకవర్గానికి ఒక విన్నపం. పరీక్షల నెలలలో మనం ఉదయం 7:30కే ప్రత్యేక తరగతులు నడుపుతున్నాము. దీని వెనుక సదుద్దేశమే ఉంది. కాని మన గడియారాలు నడిచేది 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి. ఆ రేఖ కాకినాడకు సమీపంగా పోతుంది. హైదరాబాదులో కాకినాడకంటే సుమారు పదిహేను నిమిషాలు ఆలస్యంగా తెల్లవారుతుంది. జూన్ మొదటి వారంలో అక్కడ సూర్యోదయం 5:40 ప్రాంతంలో అయితే, జనవరిలో 6:50కి దగ్గర పడుతుంది. మసీదులో ఫజ్ర్ వేళ సూర్యుని వెంట జరుగుతుంది, మన గంట మాత్రం జరగదు. ఫలితంగా జనవరిలో పల్లె నుండి రావలసిన ఆడపిల్ల చీకటిలో బస్సు కోసం నిలబడుతోంది. ఆ తరగతికి ఆమె రాకపోతే హాజరు పట్టికలో సున్న పడుతుంది. అందులో క్రమశిక్షణ ఎంత ఉందో నాకు అర్థం కాదు.

అమెరికా శిశువైద్యుల సంఘం 2014లోనే, పై తరగతుల పాఠశాలలు 8:30కు ముందు తెరవవద్దని సూచించింది. కాలిఫోర్నియాలో 2019లో చేసిన చట్టం 2022 నుండి అమలులోకి వచ్చి, ఉన్నత పాఠశాలల విషయంలో దానిని నియమం చేసింది. మనది కాలిఫోర్నియా కాదు. మన వేళలు ఆర్టీసీ బస్సుల చేతిలో ఉన్నాయి. కనుక మొదటి గంటనే మార్చమని నేను కోరడం లేదు. ప్రత్యేక తరగతులను సాయంకాలం చివరి పీరియడు తరువాతకు మార్చవచ్చు, తిరుగు బస్సులు అప్పటికి ఉన్నాయి. మొదటి పీరియడులో తొలి పది నిమిషాలు హాజరు తీసుకోకుండా ఉండవచ్చు. ముందుగా దిగే విద్యార్థులు ఇప్పుడు గేటు బయట నిలబడి ఉంటున్నారు. వారికోసం పఠనమందిరాన్ని ఎనిమిదింటికి తెరిపిస్తే, కూర్చొని తెచ్చుకొన్న డబ్బా తింటారు. దీనికి కొత్త ఖర్చేమీ లేదు. వాచ్‌మన్ ఆ వేళకు ఎలాగూ వస్తాడు, తాళం చెవి ఒక్కటి అతని వద్ద ఉంచితే చాలు.