ప్రత్యయ జ్ఞానము

నల్ల, కొండ అను రెండు మాటలు కలిసి నల్లగొండ యైనది. 'కొండ' అచట 'గొండ'గా మారవలెనని ఆ జిల్లా బాలునకు ఎవరును సూత్రము చెప్పలేదు. తల్లి నోట విని నేర్చినాడు. ఆ బాలుడే బడిలో ఇంగ్లీషు పదము ఎదుట తెల్లబోవుచున్నాడు.

ఈ సీమకు పరభాషలో చదువు క్రొత్త గాదు. 1918లో నెలకొన్న ఉస్మానియా విశ్వవిద్యాలయమున నిజాము పాలన ముగియువరకు ఉర్దూయే బోధనభాష. 2022-23 విద్యాసంవత్సరమున ప్రభుత్వ పాఠశాలలలో 1 నుండి 8 తరగతులకు ఇంగ్లీషు మాధ్యమము వచ్చినది. ఆ నిర్ణయము మేలా, కీడా అను వాదము నటుంచి, వచ్చిన భాషను ఎట్లు నేర్పవలెనో యోచింతము. స్పెల్లింగును వల్లె వేయించుట ఒక్కటే మార్గము కాదని మా అభిప్రాయము.

'చదువు'నకు 'అరి' చేరగా 'చదువరి' యగును. చివరి ఉకారము లోపించినది. 'లు' చేరగా 'చదువులు', ఉకారము నిలిచినది. ఇంగ్లీషున 'హోప్' అను మాట చివర పలుకబడని 'ఈ' అక్షరము కలదు. అచ్చుతో మొదలగు 'ఇంగ్' చేరినచో అది తొలగును. హల్లుతో మొదలగు 'ఫుల్' చేరినచో నిలుచును. 'ట్రూలీ' వంటి అపవాదములు లేకపోలేదు గాని, సూత్రము పెక్కు పదములకు చెల్లును. అట్లే 'బడి' బహువచనమున 'బడులు' అగుచు ఇకారమును విడుచును. 'బ్యూటీ' చివరి 'వై' అక్షరము 'ఫుల్' చేరగా 'ఐ' యగును.

భేదమును కూడ చెప్పవలెను. మనము 'పులికి' అనియు, 'చెట్టుకు' అనియు పలికినట్లే వ్రాయుదుము. ఇంగ్లీషు అట్లు గాదు. భూతకాల ప్రత్యయము 'స్టాప్డ్'లో టకారముగను, 'ప్లేడ్'లో డకారముగను, 'వాంటెడ్'లో అచ్చుతో కూడియు వినబడును. వ్రాతలో మాత్రము మూడింటికిని 'ఈ, డీ' అను రెండక్షరములే. చెవికి మూడు, కంటికి ఒకటి. కనుక విన్నది విన్నట్లు 'టీ' అక్షరము వ్రాసిన పిల్లవాడు మందమతి కాడు. మాతృభాష నేర్పిన ధర్మమునే పాటించినాడు. వానికి కావలసినది ఎఱ్ఱసిరా గీత కాదు, ఈ ఒక్క మాట వివరించి చెప్పుట.

పరభాషా ప్రత్యయము మన జనులకు కొఱుకుడుపడనిది కాదు. జాగీరులు 1949లో రద్దయినవి. జాగీర్దారులోని 'దారు' తహసీల్దారులో నేటికిని నిలిచియున్నది. కలిగియున్నవాడని దాని అర్థము. అక్షరము రాని పాలమూరి రైతుకు సైతము అది ఎఱుకయే. ఆయన మనుమనికి 'రీడర్'లోని 'అర్' మాత్రము ఎందులకు అందరాదు?

ఉపాధ్యాయులు నల్లబల్లపై 'రీడర్' వ్రాసిన దినమున దాని ప్రక్కనే 'చదువరి' అనియు వ్రాయుదురు గాక. తెలిసిన దానినుండి తెలియని దానికి మెట్టు కట్టుటయే బోధన. తెలుగును వెలుపల నిలిపి ఇంగ్లీషు నేర్పబూనుట ఆ మెట్టును పడగొట్టుటయే యగును.