ఉబ్బసం ఉన్న అమ్మాయి చలిదేశం వెళుతుంటే...

మీ అమ్మాయి అమెరికాలో, విస్కాన్సిన్ రాష్ట్రంలోని మాడిసన్ వంటి ఊరికి కాపురానికి వెళుతోందా? ఆమెకు ఉబ్బసం ఉంటే, పచ్చళ్ళు సర్దే ముందు మందుల సంగతి చూడండి.

అక్కడ జనవరి రాత్రులలో ఉష్ణోగ్రత సున్నాకు 10 డిగ్రీలు దిగువకు పోవడం మామూలే. ఆ చలిగాలి తగిలితే శ్వాసనాళాలు బిగుసుకుని ఆయాసం రావచ్చు. బయటికి వెళ్ళేటప్పుడు ముక్కు, నోరు మఫ్లరుతో కప్పుకోవాలి. ఒంట్లో బాగుంది కదా అని రోజూ వాడే ఇన్‌హేలరు మానరాదు.

మందులు 3 నెలలకు సరిపడా, డాక్టరు చీటీతో సహా, చేతిసంచీలోనే ఉంచాలి. చీటీలో మందు అసలు పేరు రాయించండి. మన సాల్‌బ్యుటమాల్‌ను అక్కడ ఆల్‌బ్యుటెరాల్ అంటారు. పారసెటమాల్‌ను ఎసిటమినోఫెన్ అంటారు. వేరనుకుని రెండూ మింగితే మోతాదు పెరిగి కాలేయం దెబ్బతింటుంది.

ఆరోగ్యబీమా ఏ రోజునుంచి అమలవుతుందో ముందే కనుక్కోండి. ఇన్‌హేలరు వాడినా ఆయాసం తగ్గక, మాట్లాడలేకపోతుంటే వెంటనే 911కు ఫోన్ చేయాలి.

కొందరు తల్లులు ఉబ్బసం సంగతి అల్లుడి దగ్గర దాస్తారు. అది పొరపాటు. కొత్త ఊళ్ళో, అర్ధరాత్రి పక్కనుండేది అతనొక్కడే. ఏం చేయాలో అతనికి ముందే తెలియాలి.